శ్రావణ్ తినని ముద్ద

శ్రావణ్ పై వరస పన్ను ఒకటి జగిత్యాల గ్రౌండ్‌లోనే ఉండిపోయింది. ఉత్తరం వైపు గోల్ ముందు, మొరంలో ఎక్కడో. పదిహేడేళ్ల వయసులో అక్కడ మొదటిసారి డబ్బులు తీసుకుని కిరాయి మ్యాచ్ ఆడాడు. కార్నర్ నుంచి లేచిన బంతికి తల పెట్టబోతే, అవతలి జట్టువాడి మోచెయ్యి ముందుగా వచ్చింది. నోరంతా నెత్తురు, నాలుక కింద గులకరాయిలాంటిదేదో తగిలింది. ఉమ్మేసి చూస్తే పన్ను. వెతుక్కునే తీరిక ఎక్కడిది, బంతి ఇంకా అక్కడక్కడే తిరుగుతోంది. నెత్తురు మింగి, కాలు పెట్టి, గోల్ కొట్టి, ఆ తర్వాతే స్పృహ తప్పి పడ్డాడు.

ఫుట్‌బాల్ అందమైన ఆట అని రాసే పెద్దమనుషులు ఒక్కసారి మా వైపు గ్రౌండ్‌లకు రావాలి. ఇక్కడ గడ్డి ఉండదు, మొరం ఉంటుంది. పడితే తోలు లేస్తుంది. గోల్ కొట్టేవాణ్ని స్ట్రైకర్ అంటారు గానీ, నిజానికి జట్టు మొత్తం తినాల్సిన దెబ్బలు తినేవాడు అతనే. బంతి అందుకోవాలంటే గోల్ వైపు వీపు పెట్టి నిలబడాలి. వెనక ఉన్నవాడు పిక్క మీద తంతాడో, నడుములో మోకాలు పెడతాడో కళ్లకు కనపడదు. తగిలాకే తెలుస్తుంది.

ఇరవై ఐదేళ్లు నిండేసరికి శ్రావణ్ ఒంటి మీద ఖాళీ జాగా తక్కువే. ఎడమ కనుబొమ్మ నిజామాబాద్‌లో పగిలింది. ముస్తాబాద్‌లో వరి కోసిన మడిలో ఆడితే కొయ్యకాలు గుచ్చుకుని అరికాలు చీలింది. కేరళకు రెండు సీజన్లు కిరాయికి పోతే రెండు పక్కటెముకలు అక్కడ విరిగాయి. అయినా ఆట మానలేదు. మానితే తిరిగి సొంతూరు కథలాపూర్‌లో కూలికి పోవాలి, అది ఒక కారణం. రెండో కారణం అతను ఎవరికీ చెప్పలేదు. అది తిండికి సంబంధించింది.

కోరుట్లలో నజీర్ అని ఒకాయన పంచర్ దుకాణం నడుపుతాడు. వయసులో ఉండగా గోల్‌కీపర్. రెండు చేతుల వేళ్లూ వంకరపోయి ఉంటాయి. శ్రావణ్‌ను స్కూల్ ఆటల్లో చూసి తన జట్టులోకి తెచ్చుకున్నది ఆయనే. ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి తినాలి. బగారన్నం, మటన్. ఒక్కో పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు. ఆ పూట ఎవడు ఎవణ్ని తన్నాడో వాళ్లిద్దరూ ఒకే పళ్లెం దగ్గర కూర్చోవాలి. తన్నినవాడు ముద్ద కలిపి, తన్నులు తిన్నవాడి నోట్లో తన చేత్తో పెట్టాలి. వాడు మింగాడంటే లొల్లి ఖతం. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. కోరుట్లలో మొదలైన ఈ పద్ధతి జగిత్యాలకు, సిరిసిల్లకు పాకింది. ముద్ద వద్దన్నవాణ్ని ఇంకే జట్టూ పిలవదని కట్టుబాటు. పదేళ్లలో వద్దన్నవాడు ఒక్కడూ లేడు.

శ్రావణ్ తండ్రి ఏసయ్య బతికున్నన్నాళ్లూ ఊళ్లో హోటల్ బయట బల్ల మీదే చాయ్ తాగాడు. ఎవరూ పొమ్మనలేదు. లోపలికి రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆ ఏసయ్య కొడుకు కోరుట్లలో ఖాన్‌ల పిల్లలతో, పటేళ్ల పిల్లలతో ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టి తిన్నాడు. మొదటిరోజు చెయ్యి పళ్లెం అంచు దగ్గరే ఆగింది. నజీర్ భాయ్ చూసి, "తిను బేటా, చల్లగయితది" అన్నాడు, అంతే. ఆ పళ్లెం కోసం శ్రావణ్ ఎన్ని తన్నులైనా తినడానికి సిద్ధపడ్డాడు. అందులో తప్పు పట్టడానికి ఎవరికీ మనసు రాదు. కానీ తప్పు అక్కడే మొదలైంది.

రాజేశం సిరిసిల్ల జట్టులో స్టాపర్, గోల్ ముందు అడ్డుకునేవాడు. పగలు సాంచెల మీద బట్ట నేస్తాడు, సాయంత్రాలు గ్రౌండ్‌లో స్ట్రైకర్ల పని పడతాడు. అతనికి ఒక తన్ను ఉంది. స్ట్రైకర్ వీపు తిప్పి నిలబడగానే, మోకాలి మడత కింద పిక్క మీద ఎడమకాలి మడమతో ఒక్కటి కొడతాడు. రిఫరీకి కనపడదు. కాలు తిమ్మిరెక్కి మనిషి కూలబడతాడు. వెంటనే రాజేశమే చెయ్యి అందించి లేపి, దుమ్ము దులిపి, భుజం తడతాడు. శ్రావణ్ ఆ తన్ను ఎన్నిసార్లు తిన్నాడో, ఆ చేతి ముద్ద అన్నిసార్లు తిన్నాడు. తిని తిని స్నేహం కుదిరింది. అక్క పుష్పకు ఆ సంబంధం తెచ్చింది కూడా శ్రావణే.

పుష్ప అతనికంటే ఐదేళ్లు పెద్దది. తల్లి సత్తవ్వ కూలికి పోతే తమ్ముణ్ని చంకనేసుకుని తిరిగింది. అతని మొదటి బూట్లు ఆమె బీడీలు చుట్టి కొన్నవి. పెళ్లప్పుడు ఆమె అడిగింది ఒక్కటే మాట.

"మనిషి ఎట్లాంటోడురా?"

"బంగారం అక్కా. మనసుల ఏం పెట్టుకోడు" అన్నాడు శ్రావణ్.

పెళ్లయిన రెండేళ్లకు సిరిసిల్లలో మ్యాచ్ ఆడి, శ్రావణ్ అక్క ఇంట్లో ఆగాడు. రాజేశం బయట మంచం మీద పాటలు వింటున్నాడు. వంటింట్లో పుష్ప తమ్ముడికి వడ్డిస్తూ, పొయ్యి వైపు చూస్తూనే అంది.

"నిన్ను తన్నినట్టే నన్ను సుత తంతడురా."

శ్రావణ్ తలెత్తాడు.

"తన్ని మల్ల మటన్ తెస్తడు. ముద్ద కలిపి నోట్ల పెడ్తడు. మింగేదాక ఊకోడు."

శ్రావణ్ నవ్వాడు. బాగా నవ్వాడు. "గది మా గ్రౌండ్ పద్ధతే గదనే అక్కా! బావకు కాలు ఊకోదు. నాకు తగులుత లేదా? మళ్ల కూసొని తింటలేమా? ఆడికాడికే ఇడిశిపెట్టు."

పుష్ప కూడా కొంచెం నవ్వింది. ఇంకో గంటెడు కూర వేసింది. ఆ తర్వాత మూడేళ్లలో ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. శ్రావణ్ బయటికొచ్చి బావ మంచం మీదే కూర్చుని ఆ పూట కబుర్లు చెప్పాడు.

ఈ ఏడు ఎండాకాలం, సిరిసిల్లలో ఫైనల్ పడింది. కోరుట్లకూ సిరిసిల్లకూ. హైదరాబాద్ నుంచి ఒక క్లబ్బు తరఫున అరవింద్ అనే ఆయన శ్రావణ్ ఆట చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే రెండేళ్ల కాంట్రాక్టు, గడ్డి ఉన్న గ్రౌండ్, దెబ్బ తగిలితే చూసే డాక్టరు. ఇరవై ఐదు దాటిన స్ట్రైకర్‌ను పిలవడమే అరుదు. ఇది పోతే ఇంకొకటి రాదని శ్రావణ్‌కు తెలుసు. ఫోన్‌లో అరవింద్ ఒక్క మాటే గట్టిగా చెప్పాడు, గ్రౌండ్ బయట ఏ గొడవా ఉండొద్దని.

ఫైనల్‌కు నాలుగు రోజుల ముందు పుష్ప కథలాపూర్ వచ్చింది. బోరింగ్ దగ్గర చీర కొంచెం ఎత్తిపట్టుకుని కాళ్లు కడుక్కుంటోంది. శ్రావణ్ పళ్లు తోముకుంటూ అటు చూశాడు. మోకాలి మడత కింద, పిక్క మీద మచ్చ. మనం చూస్తే కమిలింది అనుకుంటాం. స్ట్రైకర్‌కు దెబ్బ వయసు తెలుస్తుంది. మొదట నీలం, నాలుగైదు రోజులకు ఆకుపచ్చ, వారం దాటితే పసుపు. పుష్ప పిక్క మీద మూడు రంగులూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అంటే మూడు వేర్వేరు రోజులు. దెబ్బ పడ్డ చోటు కూడా అతనికి కొత్తది కాదు. తన పిక్క మీద ఏళ్ల తరబడి పడ్డ చోటే అది.

అతని నోట్లో నురగ అలాగే ఉండిపోయింది.

"అక్కా, గదేంది?"

"సాంచె తగిలింది" అని పుష్ప చీర దించుకుంది.

"సాంచె మూడుసార్లు ఒక్కతాననే తగుల్తదా?"

ఆమె బిందె ఎత్తుకుంది. "నాలుగొద్దులైతే నీ ఆట ఉన్నది. మంచిగ ఆడుకో. నా ముచ్చట ఇడిశిపెట్టు."

ఇడిశిపెట్టు. ఆ మాట ఎక్కడిదో శ్రావణ్‌కు వెంటనే గుర్తొచ్చింది. ఆ నాలుగు రోజులూ అతను ఒక్కటే ఆలోచించాడు. రాజేశం ఎడమకాలు విరగ్గొట్టాలి. అదీ గ్రౌండ్‌లోనే. ఆటలో విరిగితే ఎవరూ ఏమీ అనరు, పోలీసులు రారు, అరవింద్ కూడా తప్పు పట్టడు.

ఆదివారం మూడింటికి ఆట మొదలైంది. ఎండ మాడ్చేస్తోంది. గ్రౌండ్ చుట్టూ సాంచెల కార్మికులు, కోరుట్ల నుంచి వ్యాన్లలో వచ్చిన కుర్రాళ్లు, డప్పులు, తిట్లు. ఆరో నిమిషంలోనే రాజేశం తన తన్ను తన్నాడు. శ్రావణ్ కూలబడ్డాడు. పైనుంచి చెయ్యి వచ్చింది.

"లే బామ్మర్దీ, అప్పుడే పన్నవ్?"

ఆ చెయ్యి పట్టుకోకుండా లేచాడు. పావుగంటలో గోల్ కొట్టాడు. రాజేశాన్ని గుద్దుకుంటూ, భుజంతో తోసుకుంటూ, కీపర్ చేతుల మధ్య నుంచి కొట్టాడు. అరవింద్ కుర్చీలోంచి లేచి నిలబడటం కనిపించింది. అయినా శ్రావణ్ చూపు ఆ ఎడమకాలి మీదే ఉంది.

రెండో సగంలో సమయం దొరికింది. బంతి ఇద్దరి మధ్య వదులుగా పడింది. రాజేశం ఎడమకాలు నేలకు గట్టిగా ఆనించి ఉంది. శ్రావణ్ రెండు కాళ్లూ ఎత్తి, బూటు మేకులు ముందుకు పెట్టి దూకాడు. ఎముక మీద మేకులు గీరిన చప్పుడు అతనికి వినిపించింది. పిక్క చీలి నెత్తురు చిమ్మింది గానీ ఎముక విరగలేదు. ఇద్దరూ పెనుగులాడి లేస్తుండగా శ్రావణ్ నుదుటితో అతని ముక్కు మీద కొట్టాడు. మెత్తటిదేదో లోపల చిట్లింది. ఇద్దరి బనియన్లూ ఎర్రగా తడిశాయి. తలతో కొట్టడం చూడని రిఫరీ పరిగెత్తుకొచ్చి, దూకినందుకు పసుపు కార్డు చూపించాడు.

రాజేశం ముక్కు పట్టుకుని నెత్తురు ఉమ్మాడు. తర్వాత నవ్వాడు. మనస్ఫూర్తిగా నవ్వాడు.

"గట్టిగనే ఇచ్చినవ్ బామ్మర్దీ! ఇయ్యాల ముద్ద నువ్వే పెట్టాలె నాకు."

శ్రావణ్ అక్కడే నిలబడిపోయాడు. కాలు చీల్చినా, ముక్కు చితక్కొట్టినా ఈ మనిషికి ఏమీ చేరలేదు. సాయంత్రం ఒక ముద్దతో అంతా కడుక్కుపోతుందని అతని ధీమా. ఇంట్లోనూ అదే ధీమా. ఇక ఎముక విరిగినా అంతే. నాలుగు రోజుల ఆలోచన పనికిరానిదని ఆ ఎండలో అతనికి అర్థమైంది. మిగతా ఇరవై నిమిషాలు ఏమాడాడో గుర్తులేదు. కోరుట్ల గెలిచింది.

అరవింద్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. "నీకు భయం లేదు, మాకు కావాల్సింది అదే. బుధవారం హైదరాబాద్ వచ్చి సంతకం పెట్టు" అన్నాడు. శ్రావణ్ తల ఊపాడు. సంతోషం రావాల్సిన చోట ఏమీ రాలేదు.

పొద్దు ఇంకా కుంకలేదు. గ్రౌండ్ పక్కన షామియానా కింద పళ్లాలు పరిచారు. నజీర్ భాయ్ తానే అన్నం వడ్డించాడు. అరవింద్‌ను కూడా అతిథిగా కూర్చోబెట్టారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని రాజేశం శ్రావణ్ ఎదురుగా కూర్చున్నాడు. మొదట తన్నింది తానే కాబట్టి మొదటి ముద్ద తనదే అన్నాడు. అన్నంలో మటన్ ముక్క పెట్టి, కలిపి, చెయ్యి చాచాడు. అందరూ ఈలలు వేశారు.

శ్రావణ్ నోరు తెరవలేదు.

"తిను బేటా" అన్నాడు నజీర్ భాయ్.

"నేను తిన."

రాజేశం చెయ్యి అలాగే ఉంది. "ఏందిరా, ముక్కు నాది పగిలె, కోపం నీకా?"

"నన్ను తన్నినందుకు కాదు. నన్నెన్నిసార్లు తన్నినా తిన్న. మా అక్కను తన్నుకుంట ఇంట్ల గిదే ముద్ద పెడ్తున్నవ్. ఆమె పిక్క మీద మూడు దెబ్బలున్నయి, మూడు దినాలయి. నువ్వు ముద్ద పెడితే గవి పోతయా? గీ చెయ్యి ముద్ద నేను ఇగ తిన. ఎవ్వలూ తినొద్దు."

కొందరు తల దించుకున్నారు. వాళ్ల ఇళ్లలో ఏముందో వాళ్లకే తెలియాలి. రాజేశం చేతిలోని ముద్ద తెచ్చి శ్రావణ్ నోటికి అదిమాడు. పెదవులు తెరిపించడానికి వేళ్లతో పొడిచాడు. శ్రావణ్ ఆ చేతిని విసిరికొట్టాడు. పళ్లెం బోర్లాపడింది. అంతే, సిరిసిల్ల వాళ్లు నలుగురు మీదపడ్డారు. ఒకడు కుర్చీతో వీపు మీద కొట్టాడు. ఒకడు వంటవాళ్ల ఇనుప గంటె అందుకుని తల పగలగొట్టాడు. ఇద్దరు భుజాల మీద కూర్చుని నేలకు అదిమిపెట్టారు. బగారన్నం, నెత్తురు, మొరం కలిసి అతని మొహానికి అంటుకున్నాయి.

రాజేశం బూట్లు ఇంకా విప్పలేదు. శ్రావణ్ కుడికాలు పట్టుకుని తిప్పి, చీలమండ మీద ఎగిరి రెండు కాళ్లతో దిగాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి దిగేలోపు నజీర్ భాయ్ వంకర వేళ్లతో అతని జుట్టు పట్టి వెనక్కి లాగాడు. శ్రావణ్ అరుపు సాంచెల చప్పుడును దాటి వినపడిందని తర్వాత జనం చెప్పుకున్నారు. అరవింద్ చెయ్యి కూడా కడుక్కోకుండా కారెక్కి వెళ్లిపోయాడు.

సర్కారు దవాఖానకు తీసుకుపోయేటప్పుడు ఆటోలో నజీర్ భాయ్ శ్రావణ్ తలను తన ఒడిలో పెట్టుకున్నాడు గానీ, మాట మాత్రం కటువుగానే అన్నాడు. "ఒక్క ముద్ద మింగితే అయిపోవు గదరా. ఇంటి ముచ్చట ఇంట్ల చూసుకోవద్దా?" పళ్లెం బోర్లాపడటం ఆయనకు తన ఇల్లు కూలినట్టే ఉంది. శ్రావణ్‌కు ఆయన మీద కోపం రాలేదు. మూడేళ్ల కింద తను కూడా అదే మాట అన్నాడు.

మర్నాడు పొద్దున డాక్టరు చెప్పాడు. చీలమండ మూడు చోట్ల చితికింది. నడుస్తాడు, కుంటుతూ. పరిగెత్తడం ఉండదు. సత్తవ్వ గోడకు చేరబడి కూలబడింది. అప్పుడే పుష్ప వచ్చింది. చేతిలో ఒక సంచి, కాళ్లకు చెప్పులు లేవు. తమ్ముడి కాలు వైపు చూసి, మంచం పట్టె మీద కూర్చుంది.

కాసేపటికి కేసు రాసుకోవడానికి కానిస్టేబుల్ వచ్చాడు. సమ్మయ్య అని, పెద్దవయసు మనిషి. శ్రావణ్ చెప్పింది అంతా రాసుకుని, కాగితం మడవబోయాడు.

"సార్, నాది సుత రాసుకోండ్రి" అంది పుష్ప.

"నీదేందమ్మా?"

ఆమె లేచి, వెనక్కి తిరిగి, చీర మోకాలి దాకా ఎత్తింది. సమ్మయ్య చూసి కళ్లు దించుకున్నాడు. కాగితం మళ్లీ తెరిచాడు.

"ఎన్నొద్దుల సంది?"

"ఐదేండ్లు."

"ఐదేండ్లు! ఎవలకన్న చెప్పినవా బిడ్డా?"

పుష్ప మంచం వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. "చెప్పలె సార్. ఎవ్వలకు చెప్పలె."

ఆమె అలా అంటుందని శ్రావణ్‌కు తెలుసు. అక్క ఇంకా తనను చంకనేసుకునే ఉంది. ఊరుకుంటే ఆ కాగితంలో తన పేరు దెబ్బలు తిన్నవాడిగానే ఉంటుంది. అక్క కోసం కాలు పోగొట్టుకున్న తమ్ముడని ఊళ్లో చెప్పుకుంటారు. అతను మోచేతుల మీద పైకి లేవబోయాడు. కాలు సలిపి కళ్లకు చీకట్లు కమ్మాయి.

"చెప్పింది సార్. నాకు చెప్పింది. మూడేండ్లయితంది."

"ఊకోరా" అంది పుష్ప.

సమ్మయ్య అతని వైపు తిరిగాడు. "మరి నువ్వేం జేసినవ్?"

"నవ్విన సార్."

పెన్ను ఆగింది. సత్తవ్వ గోడ దగ్గరి నుంచి తల ఎత్తి కొడుకును చూసింది.

"నవ్వి, బయటికొచ్చి, బావ పక్కన కూసొని ముచ్చట వెట్టిన."

"గిది సుత రాయాల్నా?" అని అడిగాడు సమ్మయ్య.

"రాయుండ్రి."

సమ్మయ్య రాశాడు. పుష్ప కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఏడుపు ఆగలేదు. ఆమె ఏడుస్తున్నంతసేపూ శ్రావణ్ ఆమె వీపు మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలక, మంచం పట్టెను పట్టుకుని పడుకున్నాడు.